సిలోను తేయాకు తోటలు: పౌరసత్వ చట్టానికి సాహిత్యం చెప్పిన జవాబు

బడిలో కొత్తగా చేరే పిల్లల వివరాలు రాసే రిజిష్టరులో 'జాతీయత' అని ఒక గడి వుంటుంది. దాదాపు ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతూ, ఏటా జూన్ నెలలో ఆ రిజిష్టరు కూడా నింపుతున్న నేను ఆ గడి గురించి ఎన్నడూ ఆలోచించలేదు. 'భారతీయ' అని పైన ఒకసారి రాసి, కిందికంతా డిటో గుర్తులు పెట్టుకుంటూ పోవడమే.

కొన్నేళ్ళ కిందట విశాఖపట్నంలో పనిచేస్తుండగా, మనవణ్ణి ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చిన ఒక ముసలమ్మ నేను రాసేది చూసి, "ఆడికి సరే మాస్టారూ, నాకైతే ఆ గడిలో ఏటి రాద్దురు?" అని అడిగింది. ఆమె పుట్టింది రంగూన్‌లో. ఆమె తల్లి పుట్టిందీ అక్కడే. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక, పదేళ్ళ పిల్లగా ఓడలో వచ్చి విశాఖ రేవులో దిగింది. "అక్కడున్నన్నాళ్ళూ మమ్మల్ని కొరంగీలన్నారు. ఇక్కడ దిగినకాణ్ణుంచీ బర్మావోళ్ళంటన్నారు" అంది నవ్వుతూనే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగు కూలీకి పేరైపోయిన సంగతి నాకు తెలుసు. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు తెలియలేదు.

వలస పాలకుడు వెళ్ళిపోయాక, అతను తెచ్చిపెట్టిన కూలీ ఏ దేశం మనిషి? ఈ ప్రశ్నను సాహిత్యం సూటిగా ఎక్కడ ఎదుర్కొందా అని వెతుక్కుంటూ పోతే నేను చేరింది బర్మాకు కాదు, సిలోను తేయాకు తోటలకు. అక్కడ ఒక చట్టమూ, ఒక ఎన్నికా, ఒక కవీ ఎదురెదురుగా నిలబడ్డ సందర్భం వుంది. నాకు తమిళం చదవడం రాదు. కొంత ఇంగ్లీషులో చదివాను, కొంత తమిళం తెలిసిన సహోపాధ్యాయుడు అర్థం చెబుతుంటే విన్నాను. ఆ పరిమితిని ఒప్పుకుంటూనే నాలుగు మాటలు రాస్తున్నాను.

* * *

ముందు చారిత్రక నేపథ్యం. సిలోను కొండల్లో బ్రిటిష్ దొరలు 1820ల నుంచి కాఫీ తోటలు వేశారు. 1869 తర్వాత ఆకుతెగులు వచ్చి కాఫీ నాశనమైతే తేయాకుకు మళ్ళారు. కూలీలను దక్షిణ తమిళ జిల్లాల నుంచి కంగాణీలు అప్పులిచ్చి తోలుకువెళ్ళారు. తొలినాళ్ళలో మన్నారు తీరంలో దిగి, అడవిదారిన మాత్తళె దాకా నడిచి పోవాలి. దారిలో రాలిపోయినవాళ్ళకు లెక్కలేదు. అలా వెళ్ళినవాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులూ వున్నారు.

ఆ కూలీ జీవితంలో మొదటి కాగితం 'తుండు' చీటీ. కంగాణీ దగ్గర అప్పు తీరిందని ఆ చీటీ చెప్పనిదే మరో తోటలో పని దొరకదు. ఆ పద్ధతి 1921లో రద్దయింది. 1931లో సిలోనుకు సార్వజనిక ఓటుహక్కు వచ్చింది. తోట కూలీకి దాన్ని పూర్తిగా ఇవ్వకుండా నివాస నిబంధనలు పెట్టినా, చాలామందికి ఓటు దక్కింది. 1946 జనాభా లెక్కల్లో వాళ్ళు సుమారు 7 లక్షల 80 వేలమంది, అంటే దేశ జనాభాలో నూటికి పదకొండుమందికి పైగా వున్నారు. 1947 ఎన్నికల్లో తోటల ప్రాంతాల నుంచి సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ అభ్యర్థులు పార్లమెంటుకు వెళ్ళారు. తోట కూలీల ఓట్లు మరికొన్ని చోట్ల వామపక్ష అభ్యర్థులకు కూడా బలమయ్యాయి.

తర్వాత జరిగిన దాన్ని ఈ వర్గ నేపథ్యంలోనే చూడాలి. 1948 ఫిబ్రవరిలో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ యేడాదే 18వ నెంబరు పౌరసత్వ చట్టం వచ్చింది. దాని ప్రకారం, సిలోనులో పుట్టినంత మాత్రాన ఎవరూ పౌరులు కారు. తండ్రి అక్కడ పుట్టి వుండాలి, లేదా తండ్రి తండ్రి, ఆయన తండ్రి అక్కడ పుట్టి వుండాలి. 1949లో భారత, పాకిస్తానీ నివాసుల పౌరసత్వ చట్టం మరో ద్వారం తెరిచినట్టు కనిపించింది. 1946 జనవరి 1కి ముందు పెళ్ళయినవాళ్ళు ఏడేళ్ళు, కానివాళ్ళు పదేళ్ళు ఎడతెగకుండా అక్కడే వున్నట్టు రుజువు చూపాలి, రెండేళ్ళలోగా దరఖాస్తు పెట్టుకోవాలి. సుమారు 8 లక్షలమంది తరపున దరఖాస్తులు పడ్డాయి. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే పౌరసత్వం దక్కినవాళ్ళు సుమారు 1 లక్షా 34 వేలు. 1949లోనే ఎన్నికల చట్టాన్ని సవరించి, పౌరులు కానివాళ్ళ ఓటు తీసేశారు. 1952 ఎన్నికల్లో తోటల నుంచి పార్లమెంటుకు వెళ్ళిన కూలీల ప్రతినిధి ఒక్కడూ లేడు.

చట్టాన్ని కూడా ఒక రచనగా చదవాలని సాహిత్య విద్యార్థులకు నా మనవి. దానికీ ఒక వస్తువుంది, ఒక కథనముంది, ఒక నాయకుడున్నాడు. సిలోను చట్టం చెప్పే కథలో నాయకుడు కాగితం వున్న కొడుకు. అందులో తల్లి లేదు. తండ్రి, తాత, ముత్తాత మాత్రమే వున్నారు. తోటలో ఆకు కోసేది ప్రధానంగా స్త్రీలు. తేయాకు ఎగుమతితో దేశానికి విదేశీ ద్రవ్యం తెచ్చిన చేతులు చాలావరకు వాళ్ళవి. పౌరసత్వ నిరూపణలో వాళ్ళ పుట్టుకకు విలువ లేదు. ముత్తాతల కాలం నాటి పుట్టుక కాగితం ఏ లైన్ గదిలో దొరుకుతుంది? అదే అడిగితే కొలంబోలోని పెద్ద కుటుంబాలలో కూడా ఎందరు చూపించగలరు? వాళ్ళను ఎవరూ అడగలేదు. కూలీని అడిగారు.

* * *

ఈ చట్టానికి ముందు తేయాకు తోట మీద వచ్చిన రెండు రచనలు మన పాఠకులకు గుర్తుండదగ్గవి. ఒకటి, పుదుమైపిత్తన్ 1935లో రాసిన తమిళ కథ 'తున్బక్కేణి'. తిరునెల్వేలి పల్లె నుంచి సిలోను తోటకు పోయిన ఒక దళిత స్త్రీ బతుకు అది. రెండు, ముల్క్ రాజ్ ఆనంద్ 1937లో ప్రకటించిన ఇంగ్లీషు నవల 'టూ లీవ్స్ అండ్ ఎ బడ్'. పంజాబు రైతు గంగూ అస్సాం తోటకు కుటుంబంతో వెళ్ళి నాశనమైపోతాడు.

రెండింటిలోనూ శత్రువు కంటికి కనిపిస్తాడు. ఆశ చూపి తీసుకుపోయే దళారీ, ఆడదాని మీద కన్నువేసే తోట అధికారి, తుపాకి పట్టుకున్న దొర. రచయిత పని కష్టమైనదే కాని దారి స్పష్టమైనది. దోపిడీదారును చూపాలి, దోపిడీని చూపాలి, పాఠకుడికి కోపం రావాలి. ఆ తోటలో వున్నవాడు ఏ దేశస్థుడన్న ప్రశ్న ఆ రచనల్లో తలెత్తదు. తలెత్తవలసిన పనీ లేదు. అందరూ ఒకే సామ్రాజ్యం కింద వున్నారు, ఎవరికీ దేశం లేదు.

1948 తర్వాత వస్తువు మారింది. ఇప్పుడు శత్రువు చేతిలో కొరడా లేదు. అతను బల్ల వెనక కూచుని, మీ నాన్న ఎక్కడ పుట్టాడని మర్యాదగానే అడుగుతాడు. కొరడాను వర్ణించడానికి పనికొచ్చిన శిల్పం దరఖాస్తు ఫారాన్ని వర్ణించడానికి పనికిరాదు. వస్తువు మారితే శిల్పం మారాలని మనం సభల్లో తరచుగా చెప్పుకుంటాం. అది ఎంత కష్టమో సి.వి. వేలుప్పిళ్ళై రచనలు చూస్తే తెలుస్తుంది.

* * *

వేలుప్పిళ్ళై (1914–1984) తోటల్లో పుట్టినవాడు, కార్మికసంఘ నాయకుడు. 1947 ఎన్నికల్లో తలవాకెలె నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. తనకు ఓటువేసినవాళ్ళ ఓటును తాను కూచున్న సభే తీసేస్తుంటే చూసినవాడు. అలాంటి కవి మరో దేశంలో వున్నాడేమో నాకు తెలియదు. 1954లో ఆయన దీర్ఘకవిత 'ఇన్ సిలోన్స్ టీ గార్డెన్' ఇంగ్లీషులో వచ్చింది.

చట్టం వచ్చిన ఆరేళ్ళకు రాసిన ఈ కవితలో చట్టం ప్రసక్తి కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. తెల్లవారుజాము డప్పు మోత, లైన్ గదులు, కొండవాలు మీద ఆకు కోసే స్త్రీలు, గుర్తురాయి కూడా లేకుండా తేయాకు పొదల కింద పూడిపోయిన పూర్వీకులు. ఇవే అందులో కనబడతాయి. మొదటిసారి చదివినప్పుడు, ఓటు పోయిన జాతి కవి ఇంత మెత్తగా విలపిస్తాడేమిటని నాకు కోపం వచ్చింది. మధ్యతరగతి భావుకత అని నోట్సు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

చట్టం పాఠం చదివాక మళ్ళీ ఆ కవితకు వస్తే, నా అంచనా తప్పని తేలింది. చట్టం అడిగింది తాత ఎక్కడ పుట్టాడని. కవి దానికి తాతను ఎక్కడ పూడ్చారో చూపించాడు. ఇది విలాపం కాదు, వాంగ్మూలం. పుట్టుక ఎవరి చేతిలోనూ లేదు. శ్రమా, ఆ శ్రమలో చావూ మాత్రం ఆ నేల మీద జరిగాయి. నేల మీద హక్కుకు ప్రమాణం పుట్టుక కాగితమా, నేలలో కలిసిన శ్రమా? ఈ ప్రశ్న వేయడం ద్వారా కవి చట్టపు పునాదినే నిరాకరించాడు. దరఖాస్తు నింపలేదు, దరఖాస్తు అడిగే అధికారాన్నే ప్రశ్నించాడు. అభ్యుదయ దృక్పథం నినాదంలోనే వుండాలనుకునే నాబోటివాళ్ళకు ఇది పాఠం.

అంతమాత్రాన లోపాలు చెప్పకుండా వదలలేం. కవిత ఇంగ్లీషులో వుంది. అందులో వున్న స్త్రీ దాన్ని చదవలేదు. అది కొలంబో విద్యావంతుల మనస్సాక్షికి చెప్పుకున్న మొర. చనిపోయినవాళ్ళ సాక్ష్యం ఎంత బలమైనదైనా వాళ్ళు ఓటు వేయలేరు, సమ్మె చేయలేరు. బతికివున్న కూలీ ఆ కవితలో బాధపడతాడు కాని అడగడు. ఈ లోపం వేలుప్పిళ్ళైకి తెలియదనుకోను. ఆయన తోట కూలీల పాటలు సేకరించాడు, తర్వాత తమిళ వచనంలోకి వచ్చాడు. 'వీడట్రవన్', అంటే 'ఇల్లు లేనివాడు', నవలలో యూనియన్ కట్టబోయిన కూలీకి పని పోతుంది. లైన్ గది తోట యజమానిది కాబట్టి పనితోపాటు ఇల్లూ పోతుంది. ఆయన మరో పుస్తకం పేరు 'నాడట్రవర్ కదై', 'దేశం లేనివాళ్ళ కథ'. ఇల్లు లేకపోవడమూ దేశం లేకపోవడమూ ఆయనకు రెండు సంగతులు కావు. ఇంటి మీద హక్కు లేనివాణ్ణి ఎక్కడికైనా తోలేయవచ్చు.

ఆ తరం తర్వాతివాడైన తెళివత్తై జోసెఫ్ (1934–2022) పేరు కూడా ఇక్కడ చెప్పాలి. తెళివత్తై ఆయన బడిపంతులుగా పనిచేసిన తోట పేరు. మన ఇంటిపేర్లలో సగం వూళ్ళ పేర్లే కదా. కాకర్లవారికీ కొవ్వలివారికీ ఆ వూరు మీది కాదు పొమ్మని ఎవరూ అనలేదు. ఆయన మాత్రం, చిరునామా లేదన్న ప్రభుత్వానికి, తన పేరులోనే చిరునామా రాసి చూపించాడు.

* * *

ఇక మన మధ్య వాదానికి వస్తాను. ఈ విషయం ఒక గోష్ఠిలో ప్రస్తావిస్తే ఒక మిత్రుడు, "చివరికి వాళ్ళను మాతృదేశం చేర్చుకుంది కదా, ఇంకేం?" అన్నాడు. ఆయన చెప్పింది 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే చేసుకున్న ఒప్పందం గురించి. మొత్తం 9 లక్షల 75 వేలమంది. అందులో 5 లక్షల 25 వేలమంది భారతదేశానికి, 3 లక్షలమంది సిలోనుకు. మిగిలిన లక్షా 50 వేలమంది సంగతి తర్వాత. ఆ 'తర్వాత' 1974లో వచ్చింది. చెరి 75 వేలు. అన్నదమ్ములు పొలం పంచుకున్నా సరిహద్దు రాయి దగ్గర గొడవపడతారు. ఇక్కడ ఆ గొడవ కూడా లేదు, ఎందుకంటే పంపకమయ్యేవాళ్ళను ఎవరూ పిలవలేదు. దరఖాస్తులు పిలిచినప్పుడు భారత పౌరసత్వం కోరినవాళ్ళు ఒప్పందం కేటాయించిన సంఖ్యకన్నా తక్కువే. అంటే చాలామంది కోరుకున్నది తాము పుట్టిన కొండల్నే.

దీనికి ప్రభుత్వాలు పెట్టిన పేరు 'స్వదేశ పునరాగమనం'. తెలుగు పంతులుగా నాకు ఈ సమాసం మీద అభ్యంతరముంది. హట్టన్‌లో పుట్టి, రామేశ్వరం రేవును మొదటిసారి చూస్తున్నవాడికి 'స్వదేశం' ఏది? ఒక్కసారి కూడా రానివాడు 'పునః' ఎలా వస్తాడు? తలైమన్నారు ఓడ దిగి మండపం శిబిరంలో పేరు రాయించుకున్నవాళ్ళను నీలగిరి తేయాకు తోటలకూ, కేరళ, కర్ణాటక రబ్బరు తోటలకూ పంపారు. కొందరు మన రాష్ట్రానికీ వచ్చారు. తేయాకు తోట నుంచి తేయాకు తోటకు చేరినవాణ్ణి అక్కడివాళ్ళు 'సిలోను వాడు' అన్నారు. మా విశాఖ ముసలమ్మ మాట మళ్ళీ వినబడడం లేదూ?

రెండో వాదం మనవాళ్ళది. అంతర్జాతీయ కార్మికవర్గ దృష్టితో చూస్తే పౌరసత్వం బూర్జువా చట్టబద్ధత మాత్రమేననీ, దానికోసం కన్నీళ్ళు అనవసరమనీ అనేవాళ్ళున్నారు. సిలోను వామపక్షాల అనుభవం ఈ మాటకు జవాబు. 1948లో లంక సమసమాజ పార్టీ, కమ్యూనిస్టులు ఆ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అది వాళ్ళ చరిత్రలో గర్వించదగ్గ ఘట్టం. 1964 జూన్‌లో సమసమాజ పార్టీ ప్రభుత్వంలో చేరింది. అక్టోబరులో ఒప్పందం మీద సంతకమయ్యేటప్పుడు ఆ పార్టీ మంత్రివర్గంలోనే వుంది. ఆ మధ్య పదహారేళ్ళలో ఏం మారింది? తోట కూలీకి ఓటు లేదు. ఓటు లేనివాడు ఎన్నికల రాజకీయంలో క్రమంగా ఎవరికీ కనబడకుండా పోతాడు, మనవాళ్ళకు కూడా. బూర్జువా హక్కు లేకుండాపోతే కార్మికుడికి వర్గ ఐక్యత కూడా అందనంత దూరమవుతుందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సంఘటన నాకు తెలియదు.

సింహళ రైతు పక్షాన కూడా ఒక న్యాయం వుంది. 1840 నాటి భూమి చట్టంతో కాండీ రైతుల కొండభూముల్ని బ్రిటిష్ సర్కారు 'సర్కారు భూమి' చేసి తోటలకు అమ్మింది. భూమి ఒకడి దగ్గర, శ్రమ ఇంకొకడి దగ్గర దోచుకుని, వెళ్ళేటప్పుడు వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి పోయింది వలస పాలన. నాకు తెలిసినంతలో తోటల సాహిత్యం ఈ రెండో దుఃఖాన్ని తగినంతగా పట్టించుకోలేదు. ఇద్దరి దుఃఖమూ ఒకే పుస్తకంలో వుండే నవల వస్తే, అది పౌరసత్వ చట్టానికి అన్నింటికంటే పెద్ద జవాబవుతుంది.

* * *

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పుకోవాలి. 1988లో ఒక చట్టం, 2003లో 35వ నెంబరు చట్టం వచ్చాక పౌరసత్వం లేకుండా మిగిలినవాళ్ళకు శ్రీలంకలో ఆ హక్కు దక్కింది. 2003 చట్టం అర్హతకు పెట్టిన తేదీ 1964 అక్టోబరు 30. వాళ్ళను పంచుకున్న రోజే వాళ్ళ హక్కుకు కొలబద్ద అయింది. సముద్రానికి ఇవతల, 1983 మారణకాండ తర్వాత తమిళనాడు శిబిరాలకు చేరినవాళ్ళలో కూడా కొండప్రాంత తమిళులున్నారు. వాళ్ళు పెట్టుకునే పౌరసత్వ దరఖాస్తులను పరిశీలించాలని 2019 జూన్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి చెప్పింది. ఆ యేడాది డిసెంబరులో మన పార్లమెంటు ఆమోదించిన పౌరసత్వ సవరణ చట్టం పేర్కొన్న మూడు దేశాలలో శ్రీలంక లేదు.

2023లో, తమ పూర్వీకులు వచ్చి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా, మలైయగ ప్రజలు తలైమన్నారు నుంచి మాత్తళె దాకా పాత దారినే నడిచారు. ఈసారి వాళ్ళు అడిగింది పౌరసత్వం కాదు. భూమి, ఇల్లు, ఇంటికో చిరునామా. ఓటు తిరిగి వచ్చినా లైన్ గది కింది నేల చాలామందికి ఇప్పటికీ తమది కాదు. 'ఇల్లు లేనివాడు' అనే పేరును వేలుప్పిళ్ళై ఎందుకు ఎంచుకున్నాడో ఆ నడక చెబుతోంది.

మన రచయితలకు నాదొక విన్నపం. బర్మా నుంచి వచ్చినవాళ్ళ తరం వెళ్ళిపోతోంది. 1942లో అడవులు దాటి నడిచినవాళ్ళు దాదాపు లేరు. 1964 తర్వాత ఓడల్లో వచ్చినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. మనం వాళ్ళను 'కాందిశీకులు' అన్న ఒక్క మాటలో కట్టిపెట్టాం. ఆ మాట భయపడి పారిపోయేవాణ్ణి చూపిస్తుంది కాని, వాణ్ణి పరాయివాణ్ణి చేసిన కాగితాన్ని చూపించదు. వాళ్ళ ఆకలి గురించి రాయడం చేతనైనవాళ్ళు మనలో చాలామంది వున్నారు. వాళ్ళు నింపిన ఫారాల గురించి, వాళ్ళ నాన్న పుట్టిన వూరి పేరు అధికారి ఎలా తప్పు రాశాడన్న దాని గురించి, అక్కడ వదిలేసి వచ్చిన సమాధుల గురించి కూడా ఎవరో ఒకరు కూచుని అడిగి రాయాలి. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ వుంది. దూరం పోనక్కర్లేదు.

ఆ ముసలమ్మ ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. పిల్లవాడి పేరు ఎదురుగా డిటో గుర్తు పెట్టి, రిజిష్టరు మూసేశాను. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.